ఎంత పెట్టినా గుర్రానికి ఒళ్ళు పట్టడం లేదు, మేత లెక్క చెప్పండి

చంద్రగిరి_చిన్నోడు
ఏప్రిల్ 14, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. మాది చంద్రగిరి పక్కన పల్లె. నాలుగు నెలల కిందట ఆరేళ్ళ మార్వాడీ ఆడగుర్రాన్ని కొన్నాను. పేరు గౌరి. బ్రహ్మోత్సవాల్లో వాహనం ముందు నడిచే గుర్రాలను చూడాలని చిన్నప్పుడు మా నాన్న భుజాలెక్కి మాడవీధుల్లో గంటలు గంటలు కాచుకున్నవాణ్ణి. ఇన్నేళ్ళకు ఆ కోరిక తీరింది.

వచ్చిన కొత్తలో ఒళ్ళు నిగనిగలాడేది. ఇప్పుడు పక్కటెముకలు దూరం నుంచే లెక్కపెట్టొచ్చు. తుంటి ఎముకలు పైకి తేలాయి. పొట్ట మాత్రం కిందికి జారి గుండ్రంగా ఉంది. దాంతో చూసినవాళ్ళంతా బాగానే ఉంది కదా అంటున్నారు. రోజూ తోమేవాడిని, నా చేతికి తెలియదా?

నేను పెట్టేది చెబుతాను. పొద్దున 6 గంటలకు రెండు కిలోల తవుడు, నానబెట్టిన శనగలు అర కిలో. సాయంత్రం 7కి మళ్ళీ అంతే. మధ్యలో వరిగడ్డి వేస్తాను, సగం కాళ్ళ కింద తొక్కేస్తుంది. వారంలో రెండు రోజులు పచ్చిగడ్డి. రోజూ చిన్న బెల్లం ముక్క. అమ్మినవాళ్ళు చెప్పిన లెక్క ఇదే, ఒక్క పూట కూడా తప్పలేదు. ఇంకా దాణా పెంచాలా? రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు, చానా టెన్షన్‌గా ఉంది.

జట్కా_మనవడు
ఏప్రిల్ 14, రాత్రి 10:05

తమ్ముడూ, దాణా పెంచొద్దు. ముందు గడ్డి సంగతి చూడు.

మా తాత తిరుపతి రైల్వే స్టేషన్ దగ్గర జట్కా తోలేవాడు. స్టేషన్లో దిగిన యాత్రికులను గోవిందరాజస్వామి గుడి వైపు, సత్రాలకు తీసుకెళ్ళేవాడు. మా ఇంట్లో తెల్లారేది గరికతోనే. అవ్వ, చిన్నాయన చెరువు గట్టు మీద గరిక కోసి, నీళ్ళలో జాడించి, మట్టి పోయాక కట్టలు కట్టి తెచ్చేవాళ్ళు. గుర్రం అది నమిలాకే ఉలవల సంచి మూతికి కట్టేవాడు తాత. ముందు గడ్డి, తరవాతే ఉలవలు. ఈ వరస ఎప్పుడూ మారలేదు.

ఉలవలు కూడా అరపడే. ముందు రోజు రాత్రి నానబెట్టి, పొద్దున ఉడికించి, ఒక గింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కి చూసేవాడు. మెత్తగా నలిగితేనే దించేవాడు, పలుకు తగిలితే ఇంకో రెండు పుల్లలు ఎగదోసేవాడు. వేడి పూర్తిగా ఆరాకే గుర్రానికి. ఆ కట్టుతో అవ్వ మాకు చారు కాచేది. తవుడు మాత్రం ఎప్పుడో ఒక గుప్పెడు, ఉలవల్లో కలపడానికి. నువ్వు రోజుకు నాలుగు కిలోలు పోస్తున్నావు!

పలమనేరు_పాడి
ఏప్రిల్ 15, ఉదయం 6:30

నాకు గుర్రాలు లేవు, పన్నెండు ఆవులున్నాయి. మా దగ్గర సూపర్ నేపియర్ గడ్డి దండిగా ఉంది, కావాలంటే కణుపులు ఇస్తాను, నాటుకోండి. జొన్నచొప్ప కూడా పచ్చిది ఉంది. ఆవులు ఆశగా తింటాయి.

డాక్టరమ్మ_తిరుపతి
ఏప్రిల్ 15, ఉదయం 7:15

నేను పశువైద్యురాలిని, తిరుపతి వెటర్నరీ కాలేజీలోనే చదువుకున్నాను. చిన్నోడు గారూ, మీరు రాసింది చదవగానే రెండు మూడు విషయాలు కనిపించాయి. కానీ చూడకుండా తేల్చకూడదు. ముందు ఇవి చెప్పండి.

గౌరి బరువెంత? నోట్లోంచి నమిలిన గడ్డి ఉండలు కింద పడేస్తోందా? లద్దిలో నలగని గింజలు, పొడుగు గడ్డి పోచలు కనిపిస్తున్నాయా? నులిపురుగుల మందు చివరిసారి ఎప్పుడు వేశారు? రోజుకు ఎన్ని బకెట్ల నీళ్ళు తాగుతోంది? రాత్రి ఎన్నింటి నుంచి ఎన్నింటి వరకు దాని ముందు ఏమీ ఉండదు?

బరువుకు వేబ్రిడ్జి అక్కర్లేదు. టైలరింగ్ టేపు చాలు. ముందుకాళ్ళ వెనక నుంచి రొమ్ము చుట్టూ ఒక కొలత. రొమ్ము ముందు భుజం ఎముక మొన నుంచి పిరుదు వెనక ఎముక చివరి దాకా పొడవు ఇంకో కొలత. రెండూ సెంటీమీటర్లలో. చుట్టుకొలతను అదే అంకెతో గుణించి, పొడవుతో మళ్ళీ గుణించి, 11,880తో భాగించండి. వచ్చేది కిలోలు. కొంచెం అటూ ఇటూ అయినా మేత లెక్కకు సరిపోతుంది.

పలమనేరు అన్నా, మీ మంచి మనసుకు దండం. కానీ పచ్చి జొన్న గుర్రానికి వద్దు. లేత జొన్న తింటే పశువులకు విషమని మీకు తెలిసిందే. గుర్రానికి ఇంకో ప్రమాదం కూడా ఉంది. జొన్న జాతి పచ్చిమేత మీదే ఉంచితే మూత్రాశయం దెబ్బతిని ఒంటేలు చుక్కలు చుక్కలుగా కారుతుంది, వెనక కాళ్ళు తూలుతాయి. ఆ దశకు వచ్చినవి కోలుకోవడం కష్టం. ఇక నేపియర్‌లో ఆక్సలేట్లు జాస్తి. అవి కాల్షియాన్ని పట్టేసి ఒంటికి అందకుండా చేస్తాయి. ఆవు కడుపులోని సూక్ష్మజీవులు వాటిని చాలావరకు విరగ్గొడతాయి, గుర్రానికి ఆ వెసులుబాటు తక్కువ. వేరే గడ్డితో కలిపి కొంచెం పెట్టొచ్చు, రోజూ అదొక్కటే అయితే కుదరదు.

చంద్రగిరి_చిన్నోడు
ఏప్రిల్ 15, రాత్రి 8:40

మేడం, మా ఆవిడ టేపు పట్టుకుంది, నేను రాసుకున్నాను. చుట్టుకొలత 160, పొడవు 150. లెక్క వేస్తే 323 కిలోలు వచ్చింది.

మీరు అడిగాక గాడి కింద చూశాను. నిమ్మకాయంత గడ్డి ఉండలు ఆరేడు ఉన్నాయి, నమిలి నమిలి ఉమ్మేసినట్టు. ఇన్నాళ్ళూ వాటిని చీపురుతో ఊడ్చి పారేశాను కానీ ఏమిటా అని ఆలోచించలేదు. లద్దిలో శనగలు శనగల్లాగే ఉన్నాయి. నులిపురుగుల మందు నేను కొన్నాక వేయలేదు. నీళ్ళు రెండు బకెట్లు, అంటే 30 లీటర్లు. రాత్రి 9 తరవాత గాడి ఖాళీ, మళ్ళీ పొద్దున 6కే.

డాక్టరమ్మ_తిరుపతి
ఏప్రిల్ 15, రాత్రి 9:55

ఆ ఉండల్లోనే సగం జవాబు ఉంది. గుర్రం పళ్ళు ఏళ్ళ తరబడి చిగుళ్ళలోంచి కొంచెం కొంచెంగా పైకి వస్తూ, నమిలే కొద్దీ అరుగుతూ ఉంటాయి. దవడ పళ్ళు సమానంగా అరగకపోతే అంచులు కత్తుల్లా తేలి బుగ్గనూ నాలుకనూ కోస్తాయి. నమలలేక ఉమ్మేస్తుంది. డాక్టరు నోరు తెరిపించి, దానికోసమే ఉన్న పొడవాటి ఆకురాయితో అంచులు అరగదీస్తారు. అవసరమైతే మత్తు ఇస్తారు. ఏడాదికోసారి పళ్ళు చూపించాలి. లద్ది పరీక్ష కూడా చేయించండి. గుడ్ల లెక్క చూసి నులిపురుగుల మందు రాస్తారు, సొంతంగా కొని వేయకండి.

ఇక మిగతా సగం. గుర్రం గడ్డి జంతువు, కానీ ఆవులా నెమరు వేయదు. దాని జీర్ణాశయం ఒంటితో పోలిస్తే చాలా చిన్నది, 8 నుంచి 15 లీటర్లే. బయట వదిలేస్తే రోజులో 14, 16 గంటలు కొంచెం కొంచెంగా మేస్తూనే ఉంటుంది. కడుపులో ఆమ్లం రాత్రీపగలూ ఊరుతూనే ఉంటుంది, తిన్నా తినకపోయినా. దాన్ని చల్లార్చేది లాలాజలం. లాలాజలం నమిలితేనే ఊరుతుంది. తొమ్మిది గంటలు ఖాళీగా నిలబెడితే ఆ ఆమ్లం కడుపు గోడను తినేస్తుంది, పుండ్లు పడతాయి.

గడ్డి అసలు అరిగేది వెనక ఉన్న పెద్ద పేగుల్లో. అక్కడ కోటానుకోట్ల సూక్ష్మజీవులు పీచును పులియబెట్టి బలంగా మారుస్తాయి. మీరు ఒక్కసారి రెండున్నర కిలోల దాణా పోస్తే, ముందు పేగుల్లో అరగని పిండి పదార్థం అక్కడికి దూకుతుంది. సూక్ష్మజీవులు చస్తాయి, ఆమ్లం పెరుగుతుంది. కడుపుశూల, గిట్టల వాపు, అన్నీ అక్కడి నుంచే మొదలు. గౌరి బరువుకు ఒక్క పూట దాణా కిలోన్నర దాటకూడదు. అసలు అంత కూడా అక్కర్లేదు, అది బండి లాగడం లేదు, పందేలకు వెళ్ళడం లేదు.

లెక్క ఇలా వేసుకోండి. గుర్రం రోజుకు తన బరువులో వందకు రెండు వంతుల ఎండుమేత తినాలి. గౌరికి ఆరున్నర, ఏడు కిలోలు. అందులో కనీసం అయిదు కిలోలు గడ్డే. పచ్చిగడ్డిలో ముప్పావు వంతుకు పైన నీళ్ళే కాబట్టి 12 కిలోల పచ్చిగడ్డి వేస్తే ఒంటికి అందేది మూడు కిలోల లోపే. మీరు వారానికి రెండు రోజులు పచ్చిమేత పెట్టి మిగతా రోజుల్లో వరిగడ్డితో నెట్టుకొస్తున్నారు. వరిగడ్డిలో ఇసుక లాంటి సిలికా ఎక్కువ, బలం తక్కువ. పొట్ట జారి కనిపించేది దానివల్లే కావచ్చు, పురుగులు కూడా కారణం కావచ్చు. అది కొవ్వు కాదు.

చిత్తూరు_ఫారం
ఏప్రిల్ 16, ఉదయం 8:10

బ్రదర్, ఇంత లెక్కలెందుకు. మాకు కోళ్ళ ఫారం ఉంది. బ్రాయిలర్ దాణా రోజుకు కిలో కలిపి పెట్టండి. ప్రొటీన్ బాగుంటుంది, నెలలో ఒళ్ళు వస్తుంది. రెండు మూటలు నేనే పంపుతాను.

డాక్టరమ్మ_తిరుపతి
ఏప్రిల్ 16, ఉదయం 8:22

వద్దు. దయచేసి ఎవ్వరూ ఈ పని చేయకండి.

కోళ్ళ దాణాలో చాలాసార్లు మోనెన్సిన్, సాలినోమైసిన్ లాంటి మందులు కలిపి ఉంటాయి. కోళ్ళకు రక్తపారుడు రాకుండా వేసేవి. కోడికి మందు, గుర్రానికి ప్రాణాంతకం. మోనెన్సిన్ కిలో బరువుకు రెండు మూడు మిల్లీగ్రాములు చాలు గుర్రం చావడానికి. గుండె కండరం దెబ్బతింటుంది. విరుగుడు లేదు. బతికినా గుండె బలహీనంగానే మిగలొచ్చు. కొన్ని పశువుల దాణాల్లో కూడా మోనెన్సిన్ కలుపుతారు. మన జిల్లాలో ఇంటికో ఆవు, ఊరికో ఫారం. గుర్రం దాణా, కోళ్ళ దాణా ఒకే గదిలో, ఒకే చేటతో ఉండకూడదు. మూట మీద గుర్రాలకు అని రాసి ఉంటే తప్ప కలిపిన దాణా ఏదీ పెట్టొద్దు.

చిత్తూరు_ఫారం
ఏప్రిల్ 16, ఉదయం 8:50

మేడం, నాకు నిజంగా తెలియదు. మంచి చేద్దామనే రాశాను. చెప్పినందుకు థ్యాంక్స్. మా ఫారంలో పనిచేసే కుర్రాడి దగ్గర ఒక తట్టు, అంటే పొట్టి గుర్రం ఉంది, రాలిన దాణా దానికి వేస్తుంటాడు. ఇప్పుడే ఫోన్ చేసి ఆపించాను.

కోట_మాస్టారు
ఏప్రిల్ 16, సాయంత్రం 5:30

నేను చరిత్ర చెప్పే రిటైర్డ్ మాస్టారిని. తెలియక పెట్టిన మేతతో గుర్రాలు పోవడం దక్షిణాదిలో ఈనాటిది కాదు. విజయనగర రాజులు అరబ్బులు, పోర్చుగీసుల దగ్గర గుర్రాలను ఓడల్లో తెప్పించుకున్నారు. అంతకు ముందే, 13వ శతాబ్దం చివర్లో దక్షిణాదికి వచ్చిన మార్కో పోలో ఇక్కడ గుర్రాలకు అన్నంతో కలిపి వండిన మాంసం పెడుతున్నారనీ, దిగుమతి చేసుకున్నవి ఏటా చాలావరకు చచ్చిపోతున్నాయనీ రాశాడు. తళ్ళికోట యుద్ధం తరవాత విజయనగర రాజధాని పెనుకొండకు, ఆపైన మీ చంద్రగిరికే తరలింది. కోట పక్కన గుర్రాన్ని పెంచుతున్న అబ్బాయి ఇంత శ్రద్ధగా అడుగుతుంటే చాలా సంతోషంగా ఉంది.

పెళ్ళిగుర్రం_పుత్తూరు
ఏప్రిల్ 16, రాత్రి 10:30

మాకు రెండు పెళ్ళి గుర్రాలు. డాక్టరమ్మా, తవుడు సంగతి ఇంకొంచెం చెప్పండి. మా నాయన కాలం నుంచి తవుడే. పెద్దది మూతి మీద, కళ్ళ కింద రెండు పక్కలా ఉబ్బింది. రెండు నెలలుగా ముందుకాలు కుంటుతోంది. లాడం తప్పేమో అని మూడుసార్లు మార్పించాను.

డాక్టరమ్మ_తిరుపతి
ఏప్రిల్ 16, రాత్రి 11:10

పుత్తూరు అన్నా, ఆ గుర్రాన్ని రేపే చూపించండి. మీరు రాసిన లక్షణాలు వింటే నాకు అనుమానంగా ఉంది.

గుర్రం ఒంట్లో కాల్షియం, ఫాస్ఫరస్ జోడెద్దుల్లాంటివి. కాల్షియం ఎప్పుడూ ఫాస్ఫరస్‌తో సమానంగానైనా ఉండాలి, రెట్టింపు దాకా ఉన్నా మంచిదే. తవుడులో ఇది తలకిందులు. వరి తవుడులో కాల్షియం కన్నా ఫాస్ఫరస్ పది రెట్లకు పైనే. గోధుమ పొట్టు కూడా అదే దారి. నెలల తరబడి అదే పెడితే, రక్తంలో కాల్షియం పడిపోకుండా ఒళ్ళు తన ఎముకల్లోంచి లాగేసుకుంటుంది. ఖాళీ అయిన చోట నారలాంటి కణజాలం పెరిగి మొహం ఎముకలు ఉబ్బుతాయి, కాళ్ళు నొప్పిపెడతాయి, పళ్ళు వదులవుతాయి. ఇంగ్లీషువాళ్ళు దీన్ని పెద్దతల జబ్బు అనేవారు, మిల్లర్ల జబ్బు అని కూడా అనేవారు. పిండిమరలున్నవాళ్ళ గుర్రాలకు పొట్టు ఊరికే దొరికేది కాబట్టి వాటికే ఎక్కువగా వచ్చేది. తవుడుకు తోడు నేపియరో వరిగడ్డో ఉంటే అందులోని ఆక్సలేట్లు ఉన్న కాస్త కాల్షియాన్నీ పట్టేస్తాయి.

తవుడు విషం కాదు. గుప్పెడు వేస్తే ఏమీ కాదు. దాన్నే అన్నంగా పెట్టడం తప్పు.

చంద్రగిరి_చిన్నోడు
ఏప్రిల్ 20, మధ్యాహ్నం 2:15

నిన్న డాక్టర్ వచ్చారు. మత్తు ఇచ్చి, నోరు తెరిపించి, టార్చ్ వేసి నాకు చూపించారు. ఎడమ బుగ్గ లోపల రూపాయి బిళ్ళంత పుండు. పై దవడ పళ్ళ బయటి అంచు మీద వేలు పెట్టమన్నారు, గాజు పెంకులా కోసుకుంది. ఆ నోటితో నాలుగు నెలలు వరిగడ్డి నమిలిందా అని కళ్ళ నీళ్ళు తిరిగాయి. ముప్పావు గంట రాకారు. లద్దిలో పురుగు గుడ్లు జాస్తిగా ఉన్నాయన్నారు, మందు వేశారు.

కొత్త మేత లెక్క రాసిచ్చారు. గరిక, గినీ గడ్డి కలిపి రోజుకు 12 కిలోలు. ఎండుగడ్డి రెండున్నర కిలోలు. లూసర్న్ అనే పప్పుజాతి మేత, ఎండుది ఒక కిలో. ఉడికించకముందు తూకంలో ఉలవలు అర కిలో, నలగ్గొట్టిన బార్లీ అర కిలో, రెండూ కలిపి మూడు పూటలుగా. ఉప్పు 30 గ్రాములు. గుర్రాలకు వేసే మినరల్ మిక్చర్. తవుడును రెండు వారాల్లో రోజుకు కొంచెం కొంచెంగా తగ్గించి ఆపేయమన్నారు. బెల్లం బంద్.

లూసర్న్‌ను అరవంలో కుదిరై మసాల్ అంటారని గడ్డి అమ్మే ఆయన చెప్పాడు. కుదిరై అంటే గుర్రమే కదా! ముందు ఆయన దశరథ గడ్డి చూపించి ఇదే లూసర్న్ అన్నాడు, ఫొటో పంపితే అది హెడ్జ్ లూసర్న్, వేరే మొక్క అని డాక్టర్ చెప్పారు.

రేణిగుంట_రైడర్
ఏప్రిల్ 20, సాయంత్రం 6:00

మేత మార్చడం ఒక్క రోజులో వద్దు, కనీసం పది రోజులు పట్టాలి. నేను స్వారీ నేర్చుకునే చోట ఎండుగడ్డి సన్న కన్నుల వల సంచిలో పెట్టి, గుర్రం రొమ్ము ఎత్తున కడతారు. ఒక్కో పోచే లాక్కోవాలి. రెండు కిలోల గడ్డి మూడు గంటలు వస్తుంది. రాత్రి ఖాళీ కడుపు సమస్య దాంతో చాలావరకు తగ్గుతుంది. కాలు ఇరుక్కునేంత కిందికి మాత్రం కట్టకండి.

జట్కా_మనవడు
ఏప్రిల్ 20, రాత్రి 9:15

ఎండుగడ్డికి ఇబ్బంది ఉంటే వేరుశనగ కట్టె, అదే కాయలు తీసేశాక మిగిలే ఎండు మొక్కలు, చూడు. మన వైపు దొరుకుతుంది, బలమైన మేత. కానీ మట్టి దులపకుండా వేయొద్దు. బూజు వాసన వస్తే ఎంత చౌకగా వచ్చినా వద్దు.

డాక్టరమ్మ_తిరుపతి
ఏప్రిల్ 20, రాత్రి 9:40

అవును, వేరుశనగ కట్టె పప్పుజాతి మేత, కాల్షియం బాగుంటుంది. దానితో వచ్చే రెండు చిక్కులూ మీరే చెప్పారు. బూజు పట్టినదాంట్లో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉండొచ్చు, కాలేయం దెబ్బతింటుంది. మట్టి, ఇసుక పేగుల్లో పేరుకుంటే శూల వస్తుంది. ఇంట్లోనే పరీక్ష చేసుకోవచ్చు. లద్ది వేసిన వెంటనే పైనున్న అయిదారు ఉండలు తీసుకోండి, నేలకు తగిలినవి వద్దు. బకెట్ నీళ్ళలో వేసి, చేత్తో విదిపి, పావుగంట కదపకండి. పై నీళ్ళు వంపేసి అడుగున వేలు పెట్టి చూడండి.

చంద్రగిరి_చిన్నోడు
ఏప్రిల్ 28, ఉదయం 7:30

చూశాను మేడం. అడుగున రెండు చెంచాల ఎర్ర ఇసుక తేలింది. వారం నుంచి వేరుశనగ కట్టె పెడుతున్నాను, నేల మీదే వేస్తున్నాను. ఈ రోజు నుంచి గచ్చు మీద రబ్బరు పట్టా పరిచి, కట్టెను గోడకేసి దులిపి, దాని మీద వేస్తున్నాను.

చంద్రగిరి_చిన్నోడు
మే 2, రాత్రి 10:12

మేడం, ఎవరైనా ఉన్నారా? అర్జెంట్. ఈ రోజు ఇంట్లో నామకరణం. మిగిలిన అన్నం, పాయసం, అరటిపండ్లు మా బంధువొకాయన ప్రేమతో పెద్ద గంగాళం నిండా తెచ్చి గౌరికి పెట్టాడట. నేను లేను. ఇప్పుడు ముందుకాలితో నేల గీరుతోంది, పక్కలకు తిరిగి పొట్ట వైపు చూసుకుంటోంది, చెమటలు పట్టాయి. సాయంత్రం నుంచి లద్ది వేయలేదు.

డాక్టరమ్మ_తిరుపతి
మే 2, రాత్రి 10:15

గాడిలో ఉన్న మేత మొత్తం తీసేయండి. నోట్లో నూనె, కషాయం, ఏదీ పోయకండి. ఊపిరితిత్తుల్లోకి పోతే అదొక ప్రమాదం. గుర్రానికి వాంతి చేసుకోవడం చేతకాదు, తిన్నది వెనక్కి రాదు. అందుకే తొందర. మీ డాక్టర్‌కు ఫోన్ చేయండి, దొరక్కపోతే పశువైద్య హెల్ప్‌లైన్ 1962కు చేయండి. అప్పటిదాకా నెమ్మదిగా నడిపించండి, దొర్లుతూ దెబ్బ తగలకుండా చూడండి. కదలకుండా పడుకుని ఉంటే బలవంతంగా లేపొద్దు. ఏం తిన్నది, ఎంత, ఎన్నింటికి, కాగితం మీద రాసి పెట్టండి.

జట్కా_మనవడు
మే 2, రాత్రి 10:21

నేను బయలుదేరుతున్నా తమ్ముడూ. అరగంటలో ఉంటా. లొకేషన్ పంపు.

చంద్రగిరి_చిన్నోడు
మే 3, ఉదయం 6:50

తెల్లవారుజామున 3:40కి లద్ది వేసింది. లద్ది చూసి ఇంతగా సంతోషపడతానని జీవితంలో అనుకోలేదు. డాక్టర్ 11 గంటలకు వచ్చారు, నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చి, ముక్కులోంచి గొట్టం వేసి కడుపులోకి మందు పోశారు. జట్కా అన్న తెల్లారేదాకా నాతోనే ఉన్నాడు. ఆ బంధువు పాపం ఏడ్చాడు, ఆయన్ను ఏమీ అనలేకపోయాను. తప్పు నాది, కొట్టానికి తలుపు లేదు, ఎవరికీ చెప్పి ఉంచలేదు.

డాక్టరమ్మ_తిరుపతి
మే 3, ఉదయం 7:05

ప్రాణం లేచొచ్చింది. కానీ ఇంకా రెండు మూడు రోజులు కళ్ళు దాని గిట్టల మీదే ఉండాలి. పిండి పదార్థం అంత తిన్నాక గిట్టల లోపల వాపు రావచ్చు. ముందు గిట్టల మీద అరచెయ్యి పెట్టి చూడండి, మామూలు కన్నా వేడిగా ఉన్నాయా? బరువంతా వెనక కాళ్ళ మీద వేసి ముందుకాళ్ళు చాపి నిలబడుతోందా? అడుగు వేయడానికి జంకుతోందా? ఈ రోజు నుంచే మంచు ముక్కలు వేసిన నీళ్ళ తొట్టెల్లో ముందు గిట్టలు మునిగేలా నిలబెట్టండి, ఎంత సేపో మీ డాక్టర్‌ను అడగండి. మేత కూడా ఆయన చెప్పాకే, గుప్పెడు గరికతో మొదలు.

పెళ్ళిగుర్రం_పుత్తూరు
మే 5, రాత్రి 9:30

చిన్నోడు తమ్ముడూ, మా వాళ్ళకు కూడా ఇదే చిక్కు. ఊరేగింపులో జనం లడ్డూలు, అరటిపండ్లు, సాంబారన్నం కూడా తెస్తారు. భక్తితో పెడతారు, కాదంటే నొచ్చుకుంటారు. ఇప్పుడు జీను పక్కన ఒక చిన్న సంచి కట్టి అందులో గరిక పోచలు పెడుతున్నా. పెట్టాలనుకున్నవాళ్ళకు ఒక పోచ చేతికిస్తా. పిల్లలు చాలా సంతోషపడుతున్నారు.

మా పెద్దదాన్ని చూపించాను డాక్టరమ్మా. మీరు అన్నదే. తవుడు ఆపేశాం, లూసర్న్, సున్నపురాయి పొడి మొదలుపెట్టాం. ఉబ్బిన ఎముక పూర్తిగా తగ్గకపోవచ్చు, కుంటు మాత్రం తగ్గుతుందని చెప్పారు. దాన్ని పెళ్ళిళ్ళకు పంపడం ఆపేశా. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదంటారు, అది సంపాదించకపోయినా మా ఇంట్లోనే ఉంటుంది.

పలమనేరు_పాడి
మే 9, ఉదయం 6:10

మా పక్క ఊళ్ళో ఒకాయన తట్టుకు జూలు, తోక వెంట్రుకలు రాలిపోతున్నాయి. చర్మ రోగం అనుకుని ఏవేవో పూస్తున్నారు. ఈ చర్చ చదివాక వెళ్ళి ఏం మేపుతున్నావని అడిగా. చేను చుట్టూ సుబాబుల్ కంచె, రోజూ ఆ కొమ్మలేనట. దానికీ దీనికీ సంబంధం ఉందా మేడం?

డాక్టరమ్మ_తిరుపతి
మే 9, ఉదయం 8:00

ఉంది. భలే పట్టుకున్నారు అన్నా! సుబాబుల్ ఆకులో మైమోసిన్ అనే పదార్థం ఉంటుంది. గుర్రాల్లో జూలు, తోక ఊడటం దాని గుర్తు. ఆపేస్తే మెల్లగా మళ్ళీ వస్తాయి. కంచె దగ్గర గన్నేరు, ఆముదం ఉన్నాయేమో కూడా చూడమనండి. గుడి తోటల పక్కన మేపేవాళ్ళకు మరీ మరీ చెబుతున్నాను, కత్తిరించి పారేసిన గన్నేరు కొమ్మలు ఎండినా విషమే. వయ్యారిభామ కలిసిన గడ్డి కూడా ఏరి పారేయాలి. లాన్ మిషన్‌తో కోసిన గడ్డి కుప్ప తెచ్చి పోయొద్దు, గంటల్లో వేడెక్కి పులిసిపోతుంది.

చంద్రగిరి_చిన్నోడు
జూన్ 30, రాత్రి 8:30

గిట్టలకు ఏమీ కాలేదు. మంచు నీళ్ళ తొట్టెలో రెండు రోజులు చంటిపిల్లలా నిలబడింది.

పది వారాల కొలత. చుట్టుకొలత 166. పొడవు అదే 150. లెక్క వేస్తే 348 కిలోలు, 25 కిలోలు పెరిగింది. పక్కటెముకలు ఇప్పుడు కంటికి కనిపించవు, చెయ్యి వేసి నొక్కితే తగులుతాయి. అలా ఉంటేనే సరి అని మా డాక్టర్ చెప్పారు. లద్దిలో గింజలు లేవు. గాడి కింద ఉండలు లేవు. కొట్టానికి తలుపు పెట్టించాను.

రాత్రి 9కి వల సంచి నింపి కడతాను. మొన్న కరెంటు పోతే లేచి కొట్టంలోకి వెళ్ళా, 2 గంటలప్పుడు. చీకట్లో కరకరమని నములుతున్న చప్పుడు. అక్కడే గోడకు ఆనుకుని చాలాసేపు విన్నాను.

ఖర్చు కూడా చెప్పాలి, చాలామంది ఫోన్ చేసి అడుగుతున్నారు. తవుడు, శనగలు, బెల్లానికి నెలకు పెట్టినదాని కన్నా ఇప్పుడు కొంచెం ఎక్కువే అవుతోంది, లూసర్న్ వల్ల. అందుకే ఇంటి వెనక పది సెంట్లలో గినీ గడ్డి నాటాను. గట్ల మీద గరిక పొద్దున్నే నేనూ మా ఆవిడా కోస్తున్నాం.

ఒక్క సందేహం. ఎండలకు నీళ్ళు మూడు బకెట్లు తాగుతోంది, 45 లీటర్లు. మరీ ఎక్కువా?

డాక్టరమ్మ_తిరుపతి
జూన్ 30, రాత్రి 9:05

ఎక్కువ కాదు. మన ఎండలకు, ఎండుగడ్డి తినే గుర్రానికి అది మామూలే. చెమట పట్టేంత తిప్పిన రోజు ఉప్పు ఇంకొంచెం పెంచండి, 30 గ్రాములు 50 దాకా పోవచ్చు. తొట్టెను నీడలో పెట్టి రోజూ కడగండి, పాచి వాసన వస్తే గుర్రం తాగడం తగ్గిస్తుంది. తాగడం తగ్గితే లద్ది గట్టిపడుతుంది.

ఇంకొకటి. 348 వచ్చింది కదా అని ఉలవలు పెంచకండి. వచ్చే కొలత ఆగస్టులో.

జట్కా_మనవడు
జూన్ 30, రాత్రి 9:30

ఆదివారం వస్తున్నా తమ్ముడూ. ఆ రోజు ఉలవలు నేను ఉడికిస్తా, కట్టు పారబోయొద్దని మీ ఆవిడకు చెప్పు. చారు కాద్దాం.

చంద్రగిరి_చిన్నోడు
జూన్ 30, రాత్రి 9:34

తప్పకుండా అన్నా. గింజ నొక్కి చూడడం నాకు కూడా నేర్పాలి.